లెక్కపెట్టకుండానే "మూడు": ఒక్క చూపులో ఎన్ని ఉన్నాయో తెలిసిపోవడం వెనక కథ

ఇవాళ ఇంట్రో లేదు, డైరెక్ట్‌గా ఒక చిన్న టెస్ట్. స్క్రీన్ మీద కొన్ని చుక్కలు ఒక్క క్షణం కనిపించి మాయమవుతాయి.

(స్క్రీన్ మీద మూడు చుక్కలు)

ఎన్ని? మూడు. ఈజీ. ఇప్పుడు ఇంకోటి.

(స్క్రీన్ మీద చెల్లాచెదురుగా తొమ్మిది చుక్కలు)

ఇవి ఎన్ని? ఎనిమిదా, పదా? పాజ్ చేసి వెనక్కి వెళ్లి లెక్కపెట్టినవాళ్లు ఉంటారు, నాకు తెలుసు. వీడియో చూడకుండా ఇది చదువుతున్నవాళ్లు ఒక గుప్పెడు శనగలు టేబుల్ మీద వేసి చూడండి, సంగతి అదే.

మొదటిసారి మీరు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టలేదు. చూశారు, తెలిసిపోయింది. రెండోసారి అలా జరగలేదు. మా కోడింగ్ వాళ్ల భాషలో చెప్పాలంటే మొదటిది లుకప్, రెండోది ఫర్ లూప్. మరి మన బుర్ర లుకప్ ఆపేసి లూప్ ఎక్కడ మొదలుపెడుతుంది? ఈ ప్రశ్న వెనక ఒక పెద్ద మనిషి డబ్బాలోకి చిక్కుడు గింజలు విసిరిన కథ ఉంది, జర్మనీ టీచర్ల గొడవ ఉంది, పసిపిల్లల ముందు కార్డులు ఊపే వ్యాపారం కూడా ఉంది.

ఇదంతా మనకెందుకు అంటారా? మన ఇళ్లలో మూడేళ్లు నిండని పిల్లల చేత చుట్టాల ముందు వన్ టు హండ్రెడ్ చెప్పిస్తాం. గడగడా చెప్పేస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. అదే పాపని "మూడు బిస్కెట్లు ఇవ్వమ్మా" అని అడిగితే గుప్పెట్లో ఎన్ని పడితే అన్ని తీసి ఇచ్చేస్తుంది. వంద దాకా నోటికి వచ్చు, మూడు అంటే ఏంటో తెలియదు. ఆ తేడా స్కూల్లో చేరాక బయటపడుతుంది, అప్పుడు "మా పాపకి మ్యాథ్స్ రాదు" అనే ముద్ర వేసేస్తాం.

సరే, గింజల దగ్గరికి వెళ్దాం. విలియం స్టాన్లీ జెవన్స్ అని ఇంగ్లండ్ మనిషి. ఎకనామిక్స్ చదివినవాళ్లకి పేరు తెలిసే ఉంటుంది. బొగ్గు అయిపోతుందని 1865లోనే పుస్తకం రాసినాయన. ఈయన లాజిక్ పియానో అని ఒక మెషీన్ కూడా చేయించాడు, మీటలు నొక్కితే లాజిక్ సమస్యలు తేల్చేది. కంప్యూటర్ చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ దాని గురించి చెప్తారు. దాని మీద వేరే ఎపిసోడ్ చెయ్యాలి అసలు.

అప్పట్లో ఒక వాదన నడిచేది. స్కాట్లాండ్ తత్వవేత్త సర్ విలియం హామిల్టన్ ఏమన్నాడంటే, గుప్పెడు గోళీలు నేల మీద వేస్తే ఒక్కసారిగా మనసుకి ఆరో ఏడో మాత్రమే అందుతాయి, అంతకంటే ఎక్కువైతే గందరగోళమే అని. జెవన్స్‌కి అనుమానం వచ్చింది, టెస్ట్ చెయ్యకుండా ఎలా నమ్మాలి అని. ఒక నల్లటి ట్రే, దాని మధ్యలో తెల్లటి చిన్న డబ్బా పెట్టుకున్నాడు. నల్ల చిక్కుడు గింజలు గుప్పెడు తీసి దాని మీదకి విసిరేవాడు. కొన్ని డబ్బాలో పడేవి, కొన్ని బయటికి పోయేవి. డబ్బాలో పడిన వాటిని ఒక్క చూపు చూసి, ఆలోచించకుండా నంబర్ చెప్పేసి, తర్వాత లెక్కపెట్టి రాసుకునేవాడు. ఇలా 1,027 సార్లు! టెస్ట్ చేసేది ఆయనే, టెస్ట్‌కి కూర్చున్నదీ ఆయనే. 1871లో నేచర్ పత్రికలో రిజల్ట్ వేశాడు.

మూడు, నాలుగు గింజలు పడినప్పుడు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి, నూటికి ఐదు చొప్పున. అక్కడి నుంచి జారుడుబల్లే. పది గింజలు పడితే సగం కంటే తక్కువ సార్లే కరెక్ట్. తన లిమిట్ నాలుక్కీ ఐదుకీ మధ్యలో ఎక్కడో ఉందని తేల్చాడు. శాంపిల్ సైజ్ ఒక్క మనిషే కదా అని మనం నవ్వొచ్చు. కానీ తర్వాత నూటయాభై ఏళ్లు ల్యాబుల్లో వచ్చిన లెక్క ఆ డబ్బా దగ్గరే తిరిగింది.

నిజానికి జెవన్స్‌కి ఎంతో ముందే మనుషుల చేతులకి ఈ హద్దు తెలిసినట్టుంది. పాత అంకెల ఆకారాలు చూడండి. రోమన్ అంకెల్లో ఒకటికి ఒక గీత, రెండుకి రెండు, మూడుకి మూడు. నాలుగుకి నాలుగు గీతలు గీసినవాళ్లూ ఉన్నారు, కొన్ని గడియారాల మీద ఇప్పటికీ కనిపిస్తాయి, కానీ ఐదు గుర్తుకి ఎడమ పక్కన ఒక గీత పెట్టే పద్ధతే నిలబడింది. చైనాలో ఒకటి, రెండు, మూడు ఇప్పటికీ అడ్డగీతలే. నాలుగుకి కూడా మొదట్లో నాలుగు అడ్డగీతలుండేవి, తర్వాత వేరే అక్షరం వచ్చేసింది. మన దగ్గరా అంతే. శాతవాహనుల కాలం నాటి నాసిక్ గుహల శాసనాల్లో బ్రాహ్మీ అంకెలు చూస్తే ఒకటి, రెండు, మూడు వరకు అడ్డగీతలు, నాలుగుకి పూర్తిగా వేరే గుర్తు. ఆ గీతల్ని చెయ్యి ఎత్తకుండా గబగబా రాస్తూ పోతే వంకరలు తిరిగి ఇవాళ్టి 2, 3 అయ్యాయి. మన తెలుగు ౨, ౩ కూడా వాటి వారసులే. నాలుగు గీతలు పక్కపక్కన ఉంటే చదివేవాడు ఆగి లెక్కపెట్టాలి, అందుకే మార్చేశారు అనేది ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ లాంటివాళ్ల వాదన. నాకు ఇది నమ్మబుద్ధేస్తుంది.

ఇంకోటి, ఇది నా సరదా గమనిక మాత్రమే, దీన్ని రుజువు అనకండి. మనుషుల్ని చెప్పేటప్పుడు మనం ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటాం. వీటిలో రెండు, మూడు, నాలుగు అనే మాటలు రూపం మారిపోయాయి. ఐదుగురు, ఆరుగురు దగ్గరికొచ్చేసరికి ఐదు, ఆరు అలాగే ఉన్నాయి, వెనక "గురు" తగిలించాం అంతే. రోజూ ఎక్కువగా వాడే మాటలు అరిగిపోతాయి కదా, ఆ అరుగుదల కూడా సరిగ్గా నాలుగు దగ్గర ఆగింది.

ఇప్పుడు బడిలోకి వద్దాం, ఎందుకంటే అసలు గొడవ అక్కడే. 19వ శతాబ్దం జర్మనీలో చిన్నపిల్లలకి అంకెలు చెప్పే టీచర్లు రెండు పార్టీలు. ఒక పార్టీ, సంఖ్య అంటే లెక్కపెట్టడమే, ముందు లెక్కపెట్టడం నేర్పండి అంటుంది. రెండోది, కాదు, సంఖ్య అంటే కంటికి కనిపించేది, ముందు చూపించండి అంటుంది. ఈ చూపించే పార్టీవాళ్లు చుక్కల బొమ్మలు తయారుచేశారు, డైస్ మీద చుక్కల్లాగా. ఏ అమరిక మంచిది, వరసగా పెట్టాలా, జంటలుగా పెట్టాలా అని మళ్లీ వాళ్లలో వాళ్లకే తగాదా.

కార్ల్స్‌రూహ్‌లో విల్హెల్మ్ ఆగస్ట్ లాయ్ అనే టీచర్ 1898లో దీన్ని ప్రయోగంతో తేల్చబోయాడు. పిల్లలకి రకరకాల అమరికలు కాసేపు చూపించి, చూసింది తిరిగి పెట్టమన్నాడు. నాలుగు మూలల చదరంగా పెట్టిన చుక్కలు, అంటే ఎనిమిదిని రెండు చదరాలుగా పెట్టడం లాంటివి, పిల్లలు బాగా పట్టుకున్నారు. గమనించారా, ఎనిమిది చుక్కలు వాళ్లు ఒక్క చూపులో చూడలేదు. నాలుగు, ఇంకో నాలుగు చూశారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం.

ఆ చూపించే పద్ధతిలో పెరిగిన ఆలోచన ఒకటి సముద్రం దాటింది. కేథరిన్ స్టెర్న్ అని జర్మనీలో ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసి, బ్రెస్లావ్‌లో మాంటిస్సోరి బడి నడిపిన ఆవిడ. నాజీల వల్ల దేశం వదిలి 1938లో న్యూయార్క్ చేరింది. రంగు చెక్కముక్కలు, గుంటలున్న పలకలతో పిల్లలకి అంకెలు చెప్పే పద్ధతి తయారుచేసి 1949లో పుస్తకం రాసింది. ఇప్పుడు ఇంగ్లండ్ స్కూళ్లలో కనిపించే న్యూమికాన్ అనే రంధ్రాల ప్లేట్లకి ఆవిడ పలకలే ప్రేరణ.

అదే 1949లో, అదే అమెరికాలో, మౌంట్ హోలియోక్ అనే ఆడపిల్లల కాలేజీలో కౌఫ్‌మన్, తోటివాళ్లు కలిపి నలుగురు సైకాలజిస్టులు ఈ శక్తికి పేరు పెట్టారు. తెర మీద చుక్కలు సెకనులో ఐదో వంతు మాత్రమే చూపించి ఎన్ని అని అడిగారు. రెండు వందలకి పైగా చుక్కలు కూడా చూపించారు, పాపం ఆ స్టూడెంట్లు. చిన్న సంఖ్యలకి ఒక రకం జవాబు వచ్చింది, పెద్ద సంఖ్యలకి ఇంకో రకం. చిన్నవాటిలో జరిగేదానికి సబిటైజింగ్ అన్నారు, లాటిన్‌లో సబిటస్ అంటే హఠాత్తుగా అని అర్థం. వాళ్ల లెక్కలో హద్దు ఆరు. తర్వాత టైమ్ ఇంకా జాగ్రత్తగా కొలిచినవాళ్లు దాన్ని మూడు, నాలుగు దగ్గరికి దించారు. నాలుగు దాకా ఒక్కో చుక్క పెరిగితే జవాబుకి 40 నుంచి 100 మిల్లీసెకన్లు మాత్రమే ఎక్కువ పడుతుంది. నాలుగు దాటాక ఒక్కో చుక్కకి 250 నుంచి 350 మిల్లీసెకన్లు. గ్రాఫ్ గీస్తే మోచేయి వంచినట్టు ఉంటుంది. అదే మన లుకప్‌కీ లూప్‌కీ సరిహద్దు.

బ్రెజిల్ అడవుల్లో పిరహా అనే తెగ ఉంది, వాళ్ల భాషలో కచ్చితమైన సంఖ్యల మాటలు లేవు. పీటర్ గార్డన్ అనే పరిశోధకుడు వాళ్ల ముందు బ్యాటరీలు పేర్చి, మీరూ అన్నే పెట్టండి అన్నాడు. రెండు, మూడు దాకా కచ్చితంగా పెట్టారు, ఆ తర్వాత సుమారుగా. ఇది 2004లో సైన్స్ పత్రికలో వచ్చింది. మాటలు లేకపోయినా కన్ను పని చేస్తుంది, కానీ ఆ కొంచెం వరకే.

మరి ఈ కన్ను ఎప్పుడు తెరుచుకుంటుంది? చాలాకాలం దీని మీద స్విట్జర్లాండ్ సైకాలజిస్ట్ జాన్ పియాజే మాటే చెల్లింది. ఆరేడేళ్లు వచ్చేదాకా పిల్లలకి సంఖ్య అంటే పూర్తిగా అర్థం కాదు అన్నాడాయన. ఐదు గోళీల వరసని కొంచెం ఎడంగా జరిపితే, చిన్నపిల్లలు ఎక్కువయ్యాయి అంటారు, అదీ ఆయన చూపించిన సాక్ష్యం. 1980లో స్టార్కీ, కూపర్ అనే ఇద్దరు ఐదు నెలల పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టారు. రెండు చుక్కల బొమ్మలు మళ్లీ మళ్లీ చూపిస్తే పిల్లలకి బోర్ కొడుతుంది, చూపు తిప్పేస్తారు. అప్పుడు సడన్‌గా మూడు చుక్కలు వేస్తే? మళ్లీ కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. నాలుగు నుంచి ఆరుకి మారిస్తే మాత్రం పట్టించుకోలేదు. పిల్లలు సంఖ్యనే చూశారా, తెర మీద మొత్తం నలుపు ఎంతుందో చూశారా అని తర్వాత పెద్ద చర్చే నడిచింది, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయినా మాటలు రాకముందే ఒకటి, రెండు, మూడు వేరని ఏదో రూపంలో తెలుస్తుంది అన్నంతవరకు గట్టి పునాది పడింది.

ఇక్కడే మార్కెట్ లోపలికి వచ్చింది. ఫిలడెల్ఫియాలో గ్లెన్ డోమన్ అనే ఫిజికల్ థెరపిస్ట్ 1979లో పసిపిల్లలకి లెక్కలు నేర్పే పుస్తకం వేశాడు. తెల్ల కార్డుల మీద ఎర్ర చుక్కలు, ఒకటి నుంచి వంద దాకా. పసిపిల్లలకి రోజూ ఈ కార్డులు గబగబా చూపిస్తే 47 చుక్కలకీ 48 చుక్కలకీ తేడా కూడా ఒక్క చూపులో పట్టేస్తారని చెప్పాడు. ఇప్పుడు ఆ రకం కార్డులు, యాప్‌లు మన ఫోన్లలోనూ ఉన్నాయి. "జీనియస్ బేబీ" అని రీల్స్ వస్తుంటాయి, చూసే ఉంటారు.

నా మాట సూటిగా చెప్తా. ఇది నమ్మకండి. నాలుగుకీ ఆరుకీ తేడా పట్టని ఐదు నెలల కన్ను 47ని పడుతుందని చూపించిన సరైన పరిశోధన లేదు. పెద్దవాళ్లకే లేని శక్తి అది. డోమన్ సంస్థ మెదడు దెబ్బతిన్న పిల్లలకి చేసే ప్యాటర్నింగ్ అనే చికిత్సకి ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ ఒకటికంటే ఎక్కువసార్లు ప్రకటించింది, అది వేరే విషయం అయినా ఆ సంస్థ సంగతి తెలియాలి కాబట్టి చెప్తున్నా. కార్డుల వల్ల పాపకి పెద్ద నష్టం ఏముంది అంటారా? డబ్బులు పోతాయి, అది చిన్న విషయం. "మా పాప చెప్పట్లేదు, ఏదో లోపం ఉందేమో" అని ఏడాది పిల్ల మీద అనుమానం పెట్టుకోవడం ఉంది చూశారూ, అది పెద్ద విషయం.

బిస్కెట్ల పాప దగ్గరికి మళ్లీ వద్దాం. కారెన్ విన్ అనే పరిశోధకురాలు 1990ల మొదట్లో సరిగ్గా ఈ పని చేసింది. చిన్నపిల్లల ముందు బొమ్మలు పెట్టి, ఒకటి ఇవ్వు, రెండు ఇవ్వు, మూడు ఇవ్వు అని అడిగింది. పది దాకా చక్కగా చెప్పగలిగిన పిల్లలు కూడా మొదట "ఒకటి" మాత్రమే సరిగ్గా ఇస్తారు, మిగతా ఏ సంఖ్య అడిగినా గుప్పెడు. కొన్ని నెలలకి "రెండు" వస్తుంది. ఇంకొన్ని నెలలకి "మూడు". ఆ తర్వాత, మూడున్నర నాలుగేళ్ల ప్రాంతంలో, ఒక్కసారిగా తాళం తెరుచుకుంటుంది, ఏ సంఖ్య అడిగినా లెక్కపెట్టి ఇస్తారు. లెక్కపెట్టినప్పుడు చివర పలికిన మాటే "ఎన్ని" అనేదానికి జవాబు అని అప్పుడు అర్థమవుతుంది.

ఆ మెట్లు చూడండి, ఒకటి, రెండు, మూడు, అప్పుడప్పుడు నాలుగు. జెవన్స్ తప్పు చెప్పని సంఖ్యలే. కంటికి ఒక్కసారిగా దొరికే గుంపుకి పేరు తగిలించుకోవడంతో పిల్లల సంఖ్యాజ్ఞానం మొదలవుతుంది అని చాలామంది పరిశోధకులు అనుకోవడానికి ఇదే కారణం. అంటే జర్మనీలో చూపించే పార్టీ గెలిచినట్టా? సగమే. 2012లో కెల్లీ మిక్స్, ఆమె తోటి పరిశోధకులు మూడేళ్ల పిల్లలతో బొమ్మల పుస్తకాలు చదివించారు. కొందరికి లెక్కపెట్టి మాత్రమే చూపించారు, కొందరికి సంఖ్య పేరు మాత్రమే చెప్పారు. ఇంకొందరికి ముందు పేరు చెప్పి వెంటనే లెక్కపెట్టి చూపించారు, "మూడు కుక్కలు! ఒకటి, రెండు, మూడు" అని. బాగా ముందుకెళ్లింది ఈ చివరివాళ్లే. చూపు, లెక్క పక్కపక్కనే వచ్చినప్పుడు పిల్లలకి రెండూ ఒకటే అని తడుతోంది. నూరేళ్ల పైబడిన తగాదాకి ఇంత సింపుల్ ఆన్సర్.

ఇంట్లో చెయ్యాలంటే ఏమీ కొనక్కర్లేదు. ప్లేట్లో ఇడ్లీలు పెట్టేటప్పుడు "రెండు ఇడ్లీలు, ఒకటి, రెండు" అనండి చాలు. మూడు గింజలు గిన్నె కింద దాచి, ఒక్క క్షణం తెరిచి మూసి "ఎన్ని చూశావు?" అని ఆడండి. రోజూ ఒకే వరసలో పెట్టకండి, లేకపోతే పాప ఆ ఆకారాన్ని గుర్తుపడుతుంది, సంఖ్యని కాదు. వస్తువులు కూడా మార్చండి, ఇవాళ గింజలు, రేపు స్పూన్లు. తప్పు చెప్తే "మళ్లీ చూద్దాం పట్టు" అని ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి, అంతే. మూడేళ్ల పిల్లలకి ఒకటి నుంచి మూడు చాలు. ఐదు, ఆరు వచ్చేది ముక్కలుగా. అమెరికాలో డగ్లస్ క్లెమెంట్స్ 1999లో టీచర్ల కోసం రాసిన వ్యాసంలో ఈ తేడా వివరంగా చెప్పాడు. ఉన్నదున్నట్టు ఒక్క చూపులో చూడటం ఒకటి, చిన్న గుంపులుగా చూసి కలుపుకోవడం ఇంకోటి. లూడో డైస్ మీద ఆరుని మీరు మూడు, మూడుగా చూస్తారు. లాయ్ చదరాలు గుర్తున్నాయిగా, అదే టెక్నిక్. దీన్ని నేర్పొచ్చు, నేర్పితే పెరుగుతుంది, కూడికలకి దారి ఇదే.

ఒక సీరియస్ మాట. ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చినా రెండు, మూడు వస్తువుల్ని కూడా వేలు పెట్టి లెక్కపెడుతున్న పిల్లలు కొందరుంటారు. డిస్కాల్క్యులియా అంటారు, నూటికి ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉంటుందని అంచనా. బ్రిటన్‌లో బ్రయాన్ బటర్‌వర్త్ 2003లో తయారుచేసిన పరీక్షలో చుక్కలెన్నో చెప్పడం ఒక భాగం, ఎంతసేపట్లో చెప్పారో కొలుస్తారు. ఇలాంటి పిల్లల్ని క్లాసులో మొద్దు అంటాం, ఇంట్లో బద్ధకం అంటాం. కథలు చక్కగా చెప్తారు, చదువుతారు, లెక్కల దగ్గర మాత్రమే ఆగిపోతారు. మీ ఇంట్లో అలాంటి వాళ్లుంటే ట్యూషన్ మార్చే ముందు చైల్డ్ సైకాలజిస్ట్‌కి ఒకసారి చూపించండి. చిన్నపిల్లల విషయంలో తొందర వద్దు, మూడేళ్లకి ఎవరికీ ఈ పేరు పెట్టరు.

చివరిగా గవ్వలు. అష్టాచమ్మా ఆడినవాళ్లు ఎంతమంది ఉన్నారు? నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూసి పందెం చెప్తాం. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. గవ్వలు నేల మీద ఆగేలోపే నానమ్మ నోట్లోంచి "మూడు" వచ్చేస్తుంది, ఎవరూ వేలు పెట్టి లెక్కపెట్టరు. ప్రతిసారీ అమరిక వేరు, గవ్వల సంఖ్య సరిగ్గా నాలుగు, వెంటనే కాయని మూడు గళ్లు జరుపుతూ లెక్కపెట్టాలి. మిక్స్ వాళ్లు పుస్తకాలతో చేసిన పనే ఇది, చూపు వెంటనే లెక్క.

ఈ పందేల పేర్లు, గవ్వల సంఖ్య ఊరూరికీ మారతాయి. కొన్ని చోట్ల గవ్వల బదులు చింతపిక్కలు అరగదీసి వాడతారు. మీ ఊళ్లో ఎన్నింటితో ఆడతారు, ఏ పందేనికి ఏం పేరు, కామెంట్స్‌లో రాయండి. మీకు తెలియకపోతే ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో అడిగి రాయండి. ఉంటా, బై.